ఏడో తరం కంప్యూటర్: ఇప్పుడే మార్చాలా, ధరలు దిగేవరకు ఆగాలా?

అక్షరకూర్పరి:
నేను ఇంటివద్దనే పుస్తకాలకు డీటీపీ చేస్తాను. నా డెస్క్‌టాప్‌లో ఏడో తరం ఐ5 ప్రాసెసరు, 8 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్కు ఉన్నాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే కుదురుతుంది. కొత్తది కొందామంటే ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. ఇప్పుడే కొనడమా, ఆగడమా?

మరమ్మతుల బల్ల:
ఆగమనే నా సలహా. సొంత కంప్యూటర్లకు భద్రతా అప్‌డేట్లను 2026 అక్టోబరు 13 వరకు పొడిగించుకునే పథకం ఉంది. మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి సెట్టింగులను బ్యాకప్ చేసుకుంటే దానికి రుసుము ఉండదు. మీ యంత్రం నెమ్మదించిందంటే నేరం ప్రాసెసరుది కాకపోవచ్చు, ముందు హార్డ్ డిస్కును అనుమానించండి. దాని స్థానంలో చిన్న ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్కు) వేయిస్తే తేడా మీకే తెలుస్తుంది. మెమరీ ధరలు ఎక్కి దిగడం కొత్త కాదు. 2017-18లో విపరీతంగా పెరిగి 2019లో తగ్గాయి. 2023 నాటికి ఎంతగా పడిపోయాయంటే, నష్టాలకు తాళలేక తయారీదారులే ఉత్పత్తి తగ్గించుకున్నారు.

పద్దు పుస్తకం:
ఆ చరిత్ర నిజమే గానీ ఈసారి కారణం వేరు. ప్రపంచంలో డీర్యామ్ (కంప్యూటర్ ర్యామ్‌లో వాడే చిప్పులు) తయారీలో సింహభాగం శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్‌ల చేతిలో ఉంది. కృత్రిమ మేధ సర్వర్లకు అవసరమైన హెచ్‌బీఎం అనే అతివేగపు మెమరీలో లాభం ఎక్కువ, అదే సామర్థ్యానికి అది మింగే సిలికానూ ఎక్కువే. కాబట్టి ఆ ఫ్యాక్టరీలు అటు మళ్లిన కొద్దీ మన ఇళ్లలోని యంత్రాలకు మిగిలేది తగ్గుతుంది. మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో సామాన్య వినియోగదారులకు అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్లు 2025 డిసెంబరులో ప్రకటించింది. కొత్త ఫ్యాక్టరీ కట్టి చిప్పులు బయటికి తేవడానికి ఏళ్లు పడుతుంది. ధరలు త్వరలో దిగుతాయని కూర్చోవడం, మబ్బుల్లో నీళ్లు చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకోవడమే.

మరమ్మతుల బల్ల:
త్వరలో దిగుతాయని నేను అనలేదు. శిఖరం మీద కొనవద్దన్నాను. అన్నట్టు, అసలు సంగతి మనమెవరమూ అడగలేదు. అక్షరకూర్పరి గారూ, మీరు పనిచేసేది పాత కూర్పు సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లోనా, ఇప్పుడు అన్ని కంప్యూటర్లలో నడిచే తెలుగు అక్షరాల పద్ధతి యూనికోడ్‌లోనా?

అక్షరకూర్పరి:
పేజ్‌మేకర్ 7, యూనికోడ్ కాని అను ఫాంట్లు. పాత పుస్తకాల ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. అయితే ఈ మధ్య కొందరు ప్రచురణకర్తలు యూనికోడ్‌లోనే కావాలంటున్నారు.

పద్దు పుస్తకం:
అలాగైతే పాతదాన్ని తీసేయకండి. 2001 నాటి పేజ్‌మేకర్‌కు కొత్త విండోస్‌తో పని లేదు. ఇంటర్నెట్ తీగ పీకేసి దాన్ని కూర్పుకే ఉంచుకోండి. మెయిళ్లకు, యూనికోడ్ పనికి మాత్రం మరొకటి ఇప్పుడే తీసుకోండి, కానీ ఒకే 8 జీబీ ర్యామ్‌తో, రెండో స్లాటు ఖాళీగా ఉన్న డెస్క్‌టాప్ చూసుకోండి. ధరలు దిగినప్పుడు రెండోది వేయించవచ్చు. పలుచని ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది కనుక అక్కడ ఈ వెసులుబాటు దొరకదు.

మరమ్మతుల బల్ల:
రెండు యంత్రాలంటే ఒప్పుకుంటాను, కానీ రెండోది కొత్తదే ఎందుకు కావాలి? సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీ లాంటి చోట్ల, కార్యాలయాలు వదిలించుకున్న ఎనిమిదో, తొమ్మిదో తరం డెస్క్‌టాప్‌లు బాగుచేసి అమ్ముతారు. బిల్లు, వారంటీ రాయించుకోండి, విండోస్ 11 అడిగే భద్రతా ఏర్పాటు టీపీఎం 2.0 ఉందో లేదో అక్కడే ఆన్ చేయించి చూడండి. ఇక ఆ పాత యంత్రానికి ఇంటర్నెట్ తీసేసినా ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోనే కదా తిరిగేది. ప్రెస్సుల నుంచి వచ్చే పెన్‌డ్రైవ్‌ను ముందు రెండో యంత్రంలో స్కాన్ చేయకుండా అందులో పెట్టకండి.