రిపబ్లిక్ మొత్తం చదివించాలా, ముక్కలు చాలా?

కొత్తపాఠం:
డిగ్రీ రెండో ఏడాదికి రాజనీతి తత్వశాస్త్రం చెప్పాలి. 14 వారాలు, వారానికి రెండు క్లాసులు, ఒక్కోటి 90 నిమిషాలు, 25 మంది విద్యార్థులు. సిలబస్‌లో ప్లేటో నుంచి మార్క్స్ దాకా పదకొండు పేర్లున్నాయి, కానీ మార్చుకునే వీలుంది. పదకొండు మందినీ చెబితే ఒక్కొక్కరి మీద నాలుగు వాక్యాలు కంఠస్థం చేసి వెళ్లిపోతారని నా భయం. ప్లేటో, అరిస్టాటిల్‌లతోనే ఆగితే ప్లేటో రాసిన రిపబ్లిక్ మొత్తం పెట్టాలా, భాగాలు చాలా? ఏ అనువాదం మంచిది? యంత్రం రాసిచ్చిన సారాంశంతో వచ్చేవాళ్లని పుస్తకం దగ్గరికి ఎలా తీసుకురావాలి? "ఈ చదువు దేనికి పనికొస్తుంది?" అని అడిగితే ఏం చెప్పాలి?

అంచులోఅంకె:
పదకొండు పేర్లు వదిలేయండి, సరైన నిర్ణయమే. రిపబ్లిక్ మొత్తం మాత్రం పట్టదు. ప్లేటోకి పేజీ గుర్తులుగా ఇప్పటికీ అందరూ వాడే 1578 నాటి స్టెఫానస్ ముద్రణ లెక్కలో అది 327 నుంచి 621 దాకా, అంటే దాదాపు 295 పేజీలు. మొదటిసారి చదివేవాళ్లకి ఒక క్లాసుకి 12 నుంచి 15 పేజీలు మించితే చదవడం మానేసి తిరగేస్తారు. ఆ లెక్కన ఒక్క రిపబ్లిక్‌కే ఇరవై క్లాసులు పోతాయి.

మీ 28 క్లాసులని ఇలా పంచుకోవచ్చు. ప్లేటోదే అపాలజీకి (కోర్టులో సోక్రటీస్ వాదన) రెండు, క్రీటోకి (జైల్లో అతని సంభాషణ) ఒకటి, రిపబ్లిక్‌కి 14, అరిస్టాటిల్ పాలిటిక్స్‌కి ఎనిమిది, రాతపనికి మూడు. రిపబ్లిక్‌లో మొదటి పుస్తకం (దాని పది భాగాల్లో ఒక్కోదాన్ని పుస్తకం అంటారు) పూర్తిగా మూడు క్లాసులు. 357–376కి రెండు, 412–445కి మూడు, అయిదో పుస్తకానికి రెండు, 484–521కి రెండు, ఎనిమిదో పుస్తకానికి రెండు.

అపాలజీ, క్రీటోలని పక్కపక్కన పెట్టడానికి కారణం ఉంది. తత్వచింతన మానేస్తే వదిలేస్తామన్నా మానను అంటాడు సోక్రటీస్ (29డి, అంటే 29వ పేజీలో డి భాగం). అదే మనిషి క్రీటోలో చట్టాల గొంతుతో "ఒప్పించు, లేదా లోబడు" అంటాడు (51బి). ఈ రెండూ ఎలా పొసుగుతాయో మీరు చెప్పేయకండి. ఆ ముడి అలాగే ఉంటేనే రిపబ్లిక్‌లోకి ఆకలితో వస్తారు.

అనువాదం సంగతి. జోవెట్ ఇంగ్లీషు అనువాదం ఉచితంగా దొరుకుతుంది, చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ ఒకే గ్రీకు మాటకి చోటుకో మాట వేస్తాడు కాబట్టి వాదాన్ని మాట వెంట మాట పట్టుకుని వెళ్లలేం. అలన్ బ్లూమ్ 1968 అనువాదం మొరటుగా ఉన్నా, వీలైనంత వరకు ఒక మాటకి ఒకే మాట వాడుతుంది. క్లాసుకి అదే మేలు. ఏది తీసుకున్నా అంచున స్టెఫానస్ అంకెలున్న ప్రతి చూడండి. అవి లేకపోతే 25 మంది 25 పేజీల్లో వెతుక్కుంటూ ఉంటారు.

శ్రేష్ఠత:
పైవారి పట్టికలో ఒక్కటి నేను ఒప్పుకోను. 376–412 తీసేశారు. పిల్లలకి ఏ కథలు చెప్పాలి, ఏ సంగీతం వినిపించాలి అని చర్చించేది అక్కడే. విద్య గురించి అడుగుతున్న కోర్సులో విద్య మీద ఉన్న భాగాన్నే కోస్తే ఎలా? ఎనిమిదో పుస్తకాన్ని ఒక క్లాసుకి కుదించి, 376–392 అయినా పెట్టండి.

తెలుగులో వివరించేటప్పుడు మాటలతో జాగ్రత్త. గ్రీకులో పుస్తకం పేరు పొలితేయా. రిపబ్లిక్ అనేది లాటిన్ నుంచి వచ్చిన పేరు. దాన్ని "గణతంత్రం" అనగానే రాజు లేని రాజ్యం అనుకుంటారు, పుస్తకంలో రాజులు కనిపించేసరికి తికమక పడతారు. ఎవరు పాలిస్తారు, దానివల్ల జనం ఏ తీరున బతుకుతారు అనే రెండూ కలిసినదే పొలితేయా. "రాజ్యవ్యవస్థ" దానికి దగ్గరగా ఉంటుంది. అరెతే అన్న గ్రీకు మాటకి "సద్గుణం" వేస్తే 353 దగ్గర ఇబ్బంది. అక్కడ కంటికీ, తీగలు కత్తిరించే కత్తికీ కూడా అరెతే ఉంది. కత్తికి సద్గుణం ఏమిటి? శ్రేష్ఠత అంటే సరిపోతుంది. రిపబ్లిక్ మొత్తం వెతికే దికయొసునే అన్న మాటకి "ధర్మం" వాడితే ఆ మాట తనతో మోసుకొచ్చేది చాలా ఎక్కువ. "న్యాయం" అనండి, కోర్టు ఒక్కటే కాదని మొదటిరోజే చెప్పండి.

రిపబ్లిక్ ఏడో పుస్తకంలోని గుహతో (గోడ మీది నీడలనే నిజమనుకునే బందీల పోలిక) కోర్సు మొదలుపెట్టకండి. అలా చేస్తే మీడియా, ప్రచారం అని ఎటో పోతారు. ఇది విద్యకీ విద్యలేమికీ పోలిక అని మొదటి వాక్యంలోనే ఉంది (514ఏ). గుడ్డికళ్లలో చూపు పెట్టడం కాదు, ఉన్న చూపుని మళ్లించడమే విద్య అన్నది 518లో వస్తుంది. ముందున్న పేజీలు చదవనివాళ్లకి ఈ వాక్యం గోడమీద సూక్తిలా మిగులుతుంది.

మొదటిప్రశ్న:
క్లాసు నడపడం గురించి. అమెరికాలో అనాపొలిస్‌లోని సెయింట్ జాన్స్ కాలేజీలో 1937 నుంచి అందరూ ఇలాంటి పుస్తకాలే చదువుతున్నారు, సెమినార్ ఒక ప్రశ్నతో మొదలవుతుంది. ఆ ప్రశ్నకి పుస్తకం తెరవకుండా జవాబు దొరకకూడదు. "న్యాయం అంటే ఏమిటి?" అని అడిగితే అభిప్రాయాలు కురుస్తాయి, పుస్తకం మూసే ఉంటుంది. "331డి దగ్గర ఇంటి పెద్ద కెఫలస్ నవ్వుతూ ఎందుకు లేచి వెళ్లిపోతాడు?" అని అడగండి. సారాంశాల్లో ఆ నవ్వు ఉండదు.

బలవంతుడికి లాభమైనదే న్యాయం అని మొదటి పుస్తకంలో వాదించే థ్రసిమకస్ దగ్గర అందరూ చేసే పొరపాటు అతన్ని త్వరగా ఓడించేయడం. విద్యార్థుల్లో చాలామంది అతని వైపే ఉంటారు, ఉండనివ్వండి. 340లో క్లీటోఫన్ అతనికి తప్పించుకునే దారి చూపిస్తాడు: బలవంతుడు తనకి లాభం అనుకునేదే న్యాయం అని సరిపెట్టమంటాడు. థ్రసిమకస్ వద్దంటాడు, నిజమైన పాలకుడు పొరపాటు చేయడంటాడు. సోక్రటీస్ పట్టుకునేది ఆ మాటనే. బోర్డు మీద 341సి నుంచి 342ఈ దాకా వాదాన్ని మెట్లుగా, అంకెలేసి రాయించండి. తరవాత క్లీటోఫన్ మాట ఒప్పుకుని ఉంటే ఏ మెట్టు కూలుతుందో వెతకమనండి. గంటసేపు పడుతుంది, ఆ గంట దండగ కాదు. నాకింకా తెలియలేదని చివర్లో సోక్రటీసే అంటాడు కాబట్టి (354సి) మీరు తీర్పు ఇవ్వనక్కర్లేదు.

కొత్తపాఠం:
చాలా ఉపయోగం అండి. అరిస్టాటిల్ బానిసత్వం గురించి రాసిన భాగం పెట్టాలా? పెడితే మిగతా పుస్తకం వినరేమో.

అంచులోఅంకె:
పెట్టండి. దాచితే వాళ్లే కనుక్కుంటారు, ఆ తరవాత మీ మాట నమ్మరు. తిట్టించడానికి మాత్రం పెట్టకండి. పాలిటిక్స్ 1254బిలో (అరిస్టాటిల్‌కి వాడేది బెకర్ ముద్రణ పేజీ అంకెలు) స్వభావసిద్ధ బానిసకి, అంటే పుట్టుకతోనే బానిస అనదగ్గవాడికి, ఆయన పెట్టిన కొలత రాయించండి. అక్కడే ప్రకృతి అనుకున్నదానికి విరుద్ధంగా తరచూ జరుగుతుందని ఒప్పుకుంటాడు. యుద్ధంలో పట్టుబడినవాళ్లందరూ ఆ కొలతకి తూగరని 1255ఏ నుంచి తేలుతుంది. ఆయన కొలతనే పట్టుకుంటే ఏథెన్స్‌లో ఉన్న బానిసల్లో ఎందరు నిలుస్తారు? ఆ ప్రశ్నతో తీవ్రంగా చదువుతారు.

క్లాసులో బాగా పండే ఇంకో చోటు 1294బి. పదవులకి చీటీలు తీయడం ప్రజాస్వామ్య పద్ధతి, ఎన్నుకోవడం కొద్దిమంది పాలన పద్ధతి అంటాడు. మన ప్రజాస్వామ్యానికి గుర్తే ఎన్నిక అనుకునే విద్యార్థి ఇక్కడ ఆగిపోతాడు. ఆ ఆగడానికి కనీసం అరగంట ఇవ్వండి.

"దేనికి పనికొస్తుంది?" అన్నదానికి పాలిటిక్స్ ఎనిమిదో పుస్తకమే చదివించండి. ఇలాంటి చదువుని లిబరల్ విద్య అంటారు. లిబరల్ అంటే ఇక్కడ పార్టీ పేరు కాదు, స్వేచ్ఛ ఉన్న మనిషికి తగినది అని. ఏ పనులు అలాంటివి, ఏవి కావు అని 1337బిలో విడదీస్తాడు. తీరికని సరిగ్గా గడపడం నేర్వాలంటాడు. ఆయన మాటలో తీరిక అంటే స్కోలే, స్కూల్ అన్న మాట పుట్టింది దాన్నించే. చేతిపనిని ఆయన చిన్నచూపు చూడటమూ అక్కడే ఉంది, దాన్నీ ప్రశ్నించనివ్వండి.

శ్రేష్ఠత:
మూల్యాంకనానికి వస్తే, ఇంటి దగ్గర రాసే పెద్ద వ్యాసం మానేయడమే మంచిది. వారానికోసారి క్లాసు మొదట్లో పది పంక్తుల భాగం అచ్చు వేసి ఇవ్వండి. 20 నిమిషాల్లో చేత్తో మూడు సంగతులు రాయాలి: ఎవరు ఎవరితో అంటున్నారు, దీనికి ముందు ఏం ఒప్పుకున్నారు, ఇందులో ఏ మాట మీద వాదం ఆధారపడింది. సారాంశం చదివినవాళ్లు రెండోదాని దగ్గరే దొరికిపోతారు. చివర్లో ఒక్కొక్కరితో 15 నిమిషాల మౌఖిక పరీక్ష. 25 మందికి ఆరుంబావు గంటలు, రెండు రోజుల పని. పుస్తకం తెచ్చుకోనివ్వండి, గీతలు గీసిన ప్రతినే తెమ్మనండి. "ప్లేటో ఇలా అన్నాడు" అంటే ఆపి, ఎవరి నోట అనిపించాడో అడగండి. ఆయన రిపబ్లిక్‌లో సొంత గొంతుతో ఒక్క వాక్యమూ పలకడు.