తువరమా, తుబరమా? బోర్డో వైన్ వగరు దగ్గర పుట్టిన సందేహం

గోదారిగట్టు:
"తువరస్తు కషాయోఽస్త్రీ మధురో లవణః కటుః". అమరకోశంలో రసాల వరస, తువరమంటే వగరే. కొన్నాళ్ళుగా నోట్లో ఆడుతోంది గానీ మొదటి మాట దగ్గరే అనుమానం. తువరమా, తుబరమా? నాకు చెప్పిన పెద్దాయన 'వ' పలికేవారనే గుర్తు, చెవిలో మాత్రం 'బ' మోగుతోంది. ఇప్పుడిది ఎందుకొచ్చిందంటే, ఫ్రాన్సులో బోర్డో ప్రాంతపు పొయాక్ ఊరి రెడ్ వైన్ మీద వ్యాసం తెలుగు చేస్తున్నాను. ద్రాక్ష తొక్కలో ఉండే టానిన్ అనే పదార్థం తెచ్చే గుణానికి 'వగరు' అని రాశాను, చాలలేదనిపించింది. 'కషాయ రసం' అని దిద్దాను, అంతకన్నా నచ్చలేదు.

పాతప్రతి:
తరువాతి ముక్క "తిక్తోఽమ్లశ్చ రసాః పుంసి". తువర, తుబర రెండూ ఉన్నాయి, వ-బలకు అభేదం చెప్పి దాటేయొచ్చు. నా ఓటు 'వ'కే, తమిళంలో వగరుని తువర్ప్పు అంటారు కదా. నన్ను ఆపింది వేరే. మీరు 'వగరు' అని రాశారు. 'ఒగరు' కాదూ? కన్నడంలో నేటికీ ఒగరే.

ఉసిరిక:
ఒడ్లు, ఒదిన, ఒంకాయ అనే నోళ్ళే ఒగరు అంటాయి. ఆ లెక్కన వదినను కూడా ఒదిన అనే రాయాలి మరి. ఉగాది పచ్చడి గురించి రాసిన ప్రతి పత్రికలోనూ వగరే చూశాను.

పాతప్రతి:
పత్రికలో అచ్చయిందే ప్రమాణమైతే ఇక నిఘంటువులెందుకండీ? వంకాయకు కన్నడంలో బదనెకాయి అన్నారు, అక్కడ 'ఒ'కి సాక్ష్యం లేదు. ఒగరుకి ఉంది. మీ పోలిక అక్కడే తెగింది.

బోర్డోవాసి:
అక్షరం ఏదైనా, అది అసలు రుచి అని ఎందుకు ఒప్పుకోవాలి? టానిన్ లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని ముద్ద కట్టిస్తుంది. నోట్లో జారుడు పోయి నాలుక గరుకవుతుంది. పిందె కొరికితే నోరు పీక్కుపోయేది ఇందుకే. పులుపూ చేదూ తెలిసే దారి వేరు, ఇది స్పర్శ. పొయాక్ వైన్ గొప్పతనంలో సగం ఈ స్పర్శలోనే ఉందని నా నమ్మకం.

అక్కడ ద్రాక్ష రకాల్లో కాబెర్నే సోవిన్యోన్‌దే పెత్తనం. పండు చిన్నది, తొక్క మందం. ఊరికే పిండితే రసానికి రంగే ఉండదు, రంగూ టానినూ తొక్కలోనే ఉంటాయి. గింజలోనూ టానిన్ ఉంది, అది ఇంకా మొరటు. అందుకే తొక్కలూ గింజలతో సహా పులియబెడతారు. పిప్పి పైకి తేలి గట్టిగా కడుతుంది, అడుగు నుంచి రసం తోడి దాని మీద పోస్తుంటారు. మొత్తం రెండు మూడు వారాలు. ఎక్కువ లాగితే గింజ మొరటుతనం దిగుతుంది, తక్కువ లాగితే వైన్ నిలవదు. ఎప్పుడు ఆపాలో చెప్పేది చివరికి నాలుకే. ఆ తర్వాత 225 లీటర్ల ఓక్ పీపాల్లో ఏడాదిన్నర దాకా ఉంచి, మూడేసి నెలలకు మడ్డి వదిలేసి తేటను వేరే పీపాలోకి దించుతారు.

కలంకారి:
స్పర్శ అన్నారు, బాగుంది. కానీ 'కషాయ'ను అంత తేలిగ్గా వదలొద్దు. ఆ మాటకు వగరూ అర్థమే, ఎర్రమట్టి రంగూ అర్థమే. కాషాయం అక్కడిదే. ముదిరిన బోర్డో వైన్ ఊదా ఎరుపు వదిలి ఇటుక రంగుకు వస్తుందని విన్నాను. నిజమైతే వగరూ ఆ రంగూ ఒక్క మాటలో ఇమిడాయి కదా.

శ్రీకాళహస్తిలో బట్టను కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెడతాం. కరక్కాయ నిండా టానినే. పాలు లేకుంటే రంగు గీత దాటి పాకుతుంది.

బోర్డోవాసి:
నిజమేనండీ. టానిన్లు రంగు పదార్థాలతోనూ, ఒకదానితో ఒకటీ పెనవేసుకుని పెద్దవవుతాయి, కొంత మడ్డిగా దిగుతుంది. వగరు మెత్తబడేదీ రంగు మారేదీ అప్పుడే. మీ పాలు చేసే పనికి దగ్గరగా ఉన్నది మా పీపాల్లోనూ ఉంది: పీపాకు ఐదారు గుడ్ల తెల్లసొన గిలక్కొట్టి పోస్తే, అందులోని ప్రొటీను మొరటు టానిన్‌ను పట్టుకుని అడుగుకు చేరుతుంది.

ఉసిరిక:
అయితే సులువుగా అందే కవిత్వానికి ద్రాక్షాపాకం అన్న మన పేరు ఈ వైన్‌కి అస్సలు నప్పదు. ఇది కష్టపడితేనే అందే నారికేళపాకం.

పాతప్రతి:
ఒప్పుకోను. కొబ్బరికాయ కష్టమంతా పైనే, పగిలాక ఏ అడ్డూ లేదు. ఇక్కడ బిగువు రసంలోనే కరిగి ఉంది, దాన్ని విప్పేది కాలం. ఆ లెక్కన ఇది ఏ పాకానికీ చెందదు.

ఇంతకీ శ్రీనాథుడు గుర్తుకు రాలేదా ఎవరికీ? "చిన్న చిన్న రాళ్ళు చిల్లర దేవుళ్ళు" అని పల్నాటిని ఈసడించాడు. పొయాక్ ఉన్న మెదోక్ ప్రాంతం‌లో ఆ గులకరాళ్ళే సిరి! నీరు నిలవదు, వేరు లోతుకు పోతుంది, రాయి పగటి వేడిని దాచుకుని రాత్రి ఇస్తుంది. బోర్డో వైన్లకు 1855లో చేసిన వర్గీకరణలో లఫీత్, లతూర్ తోటలు మొదటి తరగతికెక్కాయి, 1973లో మూతోన్ చేరింది. మొదటి తరగతి ఐదింట మూడు పొయాక్‌వే. ఆ రాళ్ళ నేలను ఆయన చూసుంటే ఎలాంటి సీసం చెప్పేవాడో!

కలంకారి:
ఆ చాటువు ఆఖరి పాదం "పలనాటి సీమ పల్లెటూళ్ళు" అనే మేం చెప్పుకుంటాం.

పాతప్రతి:
"పల్లెనాటి సీమ". ఆటవెలది కదండీ, పలనాటి అంటే మొదటి గణమే చెడుతుంది. శ్రీనాథుడి పేరున్న చాటువులో గణభంగం నేను భరించలేను.

గోదారిగట్టు:
వాక్యం ఇలా కుదిరింది, చూడండి: "కొత్తలో నోరు పీకేసే వగరు, పదిహేనేళ్ళకు నాలుక మీద మెత్తని పట్టుగా మిగులుతుంది." 'పట్టు'లో బోర్డోవాసి గారి స్పర్శ వచ్చిందనుకుంటున్నాను. కషాయం మానేశాను, కలంకారి గారు మన్నించాలి.

పాతప్రతి:
వాక్యం బాగుంది. ఒగరు అని దిద్దండి.

ఉసిరిక:
దిద్దొద్దు.

కలంకారి:
"కషాయోఽస్త్రీ" అన్నాడు కదా, కషాయ శబ్దం పుంలింగం, నపుంసకం రెండూ. మరి ఆ 'అస్త్రీ' వెనక్కి వెళ్ళి తువరానికి కూడా అంటుతుందా? వ్యాఖ్యలు దగ్గరున్న వాళ్ళు చూసి చెప్పండి.