నాయినను బఫేకు తీసుకెళ్లాలి, పళ్లెం పట్టుకుని నిలబడనంటున్నాడు

బత్తాయితోట (నల్గొండ):

శ్రావణంలో మా అమ్మానాయినల పెండ్లిరోజు వస్తుంది. పుణెలో ఉన్న తమ్ముడు, మరదలు వస్తున్నారు. ఎల్బీ నగర్ వైపు ఒక హోటల్లో ఆదివారం మధ్యాహ్నం బఫేకు పోదాం అని తమ్ముడి ఆలోచన. మనిషికి 1,400 రూపాయలు, ట్యాక్స్ వేరే. మేం ఐదుగురం. ఒక వరుసలో మన తెలంగాణ వంటలు, మిగతా వరుసల్లో పాస్తా, నూడుల్స్, అరబ్బు వంటలు, సూషీ, ఆపైన స్వీట్లు ఉంటాయట. ఎంత తిన్నా అదే రేటు.

నాకు మాత్రం చాలా ఇష్టంగా ఉంది. అమ్మ ఇన్నేళ్లూ అందరికీ పెట్టి, చివరికి గిన్నెలో మిగిలిందే తిన్నది. ఒక్కరోజు ఆమె ముందు అన్ని గిన్నెల మూతలూ తెరిచి ఉండాలి, ఏది కావాలంటే అది తినాలి.

ఇబ్బంది నాయినతోనే. మాది మర్రిగూడ వైపు ఊరు. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఒళ్లు, మెడ, నడుము బిగుసుకుపోయాయి. ఎక్కువసేపు నిలబడలేడు. అసలు కారణం అదొక్కటే కాదు. మా చిన్నాయన కూతురు పెండ్లిలో బఫే పెడితే అక్షింతలు వేసి, తినకుండానే ఇంటికి వచ్చేశాడు. "బంతిల కూసోబెట్టి పెడితే తింట గని, పళ్లెం పట్టుకొని వరుసల నిలబడి అడుక్కునే తిండి నాకెందుకు బిడ్డా" అన్నాడు. చిన్నప్పుడు కరువు వస్తే గంజి కోసం గిన్నె పట్టుకుని వరుసలో నిలబడ్డ మనిషి ఆయన. అందుకే ఆ మాటను పాతకాలపు పట్టింపు అని కొట్టేయలేను.

ఆయనకు షుగర్ కూడా ఉంది, ట్యాబ్లెట్లు వాడతాడు. అమ్మ శ్రావణమంతా నీసు ముట్టదు. ఇలాంటి పెద్దవాళ్లను తీసుకెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఆయన మనసు నొచ్చుకోకుండా ఎట్లా చేయాలి?

పాలమూరు వంటమనిషి (జడ్చర్ల):

అక్కా, నేను హైదరాబాద్‌లో హోటల్ కిచెన్‌లో పనిచేస్తాను. బఫే వైపే నా డ్యూటీ. మీ నాయినలాంటి పెద్దమనుషులు మా దగ్గరికి చాలామంది వస్తారు, కాబట్టి దీని గురించి ధైర్యంగా చెప్పగలను.

ముందే ఫోన్ చేసి టేబుల్ బుక్ చేయండి. పెద్దాయన నిలబడలేడు, ఆయనకు కూర్చున్న దగ్గరే వడ్డించాలి అని మేనేజర్‌తో చెప్పండి. వెళ్లిన వెంటనే ఆ టేబుల్ చూసే కెప్టెన్‌తో మళ్లీ ఒకసారి చెప్పండి. ఇది వాళ్లు మీకు చేసే మేలు కాదు, మా పనే అది. చాలాచోట్ల స్టార్టర్లు ఎట్లాగూ టేబుల్ దగ్గరికే తెచ్చి పెడతారు. నాయిన కుర్చీలోంచి లేవాల్సిన పనే లేదు. ఆయన వీపు కౌంటర్ల వైపు ఉండేలా కూర్చోబెట్టండి. ఆ వరుస కళ్ల ముందు కనిపించకపోతే మనసు కొంచెం తేలికగా ఉంటుంది.

రెండోది, తలుపులు తీసే టైమ్‌కే వెళ్లండి. మీరు చూసే ఆ స్టీలు గిన్నెల కింద వేడినీళ్లు, నీళ్ల కింద చిన్న మంట ఉంటుంది. వేడిగా పెట్టాల్సిన వంట 60 డిగ్రీలకు తగ్గకూడదు, తగ్గితే క్రిములు పెరుగుతాయి. ఆ వేడిలో దాల్చా, పప్పు, గ్రేవీ కూరలు గంటసేపు ఉన్నా రుచి పెద్దగా మారదు. వేపుళ్లు మాత్రం మూత కింది ఆవిరికి మెత్తబడిపోతాయి. జొన్నరొట్టె సంగతి అయితే చెప్పనక్కర్లేదు. గోధుమలో ఉండే జిగురు జొన్నలో ఉండదు, పెనం మీద నుంచి తీసిన కాసేపటికే ఎండి విరుగుతుంది. గిన్నెలో పెట్టిన రొట్టె తీసుకోకండి, అప్పటికప్పుడు కాల్చి ఇమ్మని అడగండి. పచ్చిపులుసుకు ఈ బాధే లేదు, దాన్ని వేడి చేయరు కదా. మా దగ్గర మూడు గంటలకు కూడా అదే రుచి. పాలమూరోడిని కాబట్టి దాని మీద నాకు ప్రేమ ఎక్కువ, ఆ గిన్నె నేనే కలుపుతాను.

అమ్మ విషయంలో జాగ్రత్త. ఆకుపచ్చ చుక్క లేని గిన్నె దగ్గర అడగకుండా గరిటె పెట్టొద్దు. నీసు కనిపించని వంటల్లో కూడా ఉంటుంది. కిమ్చి అంటే క్యాబేజీ పచ్చడే, కానీ దాంట్లో చేపల సాస్ గానీ ఉప్పు రొయ్యలు గానీ కలుపుతారు. సీజర్ సలాడ్ మీద పోసే డ్రెస్సింగ్‌లో చిన్న చేపలు నూరి వేస్తారు. మూస్, పన్నా కోటాలాంటి స్వీట్లు గట్టిపడడానికి వాడే జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. తిరామిసులో గుడ్లు, కొన్నిచోట్ల మందు కూడా పడుతుంది. ఒక్కోచోట వీటిని శాకాహారం పద్ధతిలోనూ చేస్తారు, అందుకే అడగాలి. హమ్మస్ నిశ్చింతగా పెట్టండి. ఉడికించిన కాబూలీ శనగలు, నువ్వుల ముద్ద, నిమ్మరసం, వెల్లుల్లి, ఆలివ్ నూనె, అంతే. ఫలాఫెల్ కూడా నానబెట్టిన శనగలు రుబ్బి వేయించిందే, మన గారెల్లాగే ఉంటుంది.

ఇంకొకటి. బఫే ఉందని పొద్దున ఏమీ తినకుండా వస్తారు చాలామంది. షుగర్ ట్యాబ్లెట్ వేసుకునే మనిషిని అట్లా ఎండబెట్టొద్దు, కొన్ని ట్యాబ్లెట్లతో దారిలోనే షుగర్ పడిపోయి కళ్లు తిరగొచ్చు. రోజూ తినే టైమ్‌కు తేలికగా ఏదైనా పెట్టి తీసుకురండి. ఇక్కడ ముందు కూరగాయలు, పప్పు, చికెన్ ముక్కలు పెట్టి, అన్నం చివర్లో పెడితే తిన్న తర్వాత షుగర్ అంతగా ఎగబాకదు.

సాగర్ రోడ్డు (మిర్యాలగూడ):

చెల్లీ, నా మాట కఠినంగా అనిపిస్తే ఏమనుకోకు. ఐదుగురికి 7,000. మామూలు రెస్టారెంట్ అయితే జీఎస్టీ 5 శాతం, అంటే 350. గది అద్దె రోజుకు 7,500 దాటే పెద్ద హోటల్ లోపల ఉండే రెస్టారెంట్ అయితే 18 శాతం, 1,260 అవుతుంది. ఏదో ముందే కనుక్కో. బిల్లులో సర్వీస్ ఛార్జ్ అని కలిపితే కట్టనవసరం లేదు. అది మన ఇష్టం మీదే ఉండాలని 2022లోనే కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది, 2025లో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది.

నేనైతే ఆ డబ్బుతో ఇంటి ముందు టెంట్ వేసి, నలుగురు చుట్టాలను పిలిచి, బంతి భోజనం పెడతాను. బగారన్నం, వంకాయ కూర, పచ్చిపులుసు, నాయిన పక్కన ఆయన తోటివాళ్లు. ఆయనకు ఏం కావాలో ఆయనే చెప్పాడు కదా. వద్దన్నదాన్ని మర్యాదగా చేసి పెట్టినా అది వద్దన్నదే.

గద్వాల కోడలు:

అన్నా, మీరన్నది నిజమే. కానీ టెంట్ వేస్తే ఆ రోజు కూడా అమ్మే వంట దగ్గర నిలబడుతుంది. వంటవాళ్లను పెట్టినా పోయి ఉప్పు చూస్తుంది. మా అత్తమ్మ కూడా అంతే.

మా అత్తమ్మ మగ్గం పనిలో మోకాళ్లు అరిగిపోయిన మనిషి. మేం తీసుకెళ్లినప్పుడు ఆమెను కూర్చోబెట్టి, నేను తిరిగి ఒక్కొక్క రకం రెండు చెంచాలే చిన్న ప్లేట్లలో తెచ్చాను. నచ్చితే మళ్లీ తెచ్చాను, నచ్చకపోతే నేను తిన్నాను, ఏదీ పారేయలేదు. పారేస్తే ఆమె తట్టుకోలేదు. చీజ్ వేసినవేవీ ఆమెకు నచ్చలేదు. హమ్మస్ మాత్రం జొన్నరొట్టెతో అద్దుకుని తిని, ఇది ఇంట్లో చేసుకోవచ్చు కదా అని అడిగింది. ఇప్పుడు మా ఇంట్లో చేస్తున్నాం.

ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకోండి. రేటు వాళ్ల ముందు అనొద్దు. తెలిస్తే ప్రతి ముద్దకూ లెక్క వేసుకుంటారు, కడుపు నిండినా ఇంకా తినాలని చూస్తారు, లేదంటే అసలు తినరు. డబ్బు ముందే ఆన్‌లైన్‌లో కట్టేయండి, బిల్లు టేబుల్ మీదికి రాకుండా.

బత్తాయితోట (నల్గొండ):

అందరికీ చాలా థ్యాంక్స్. సాగర్ రోడ్డు అన్నా, మీ మాట చదివాక నాయినను సూటిగానే అడిగాను. కూర్చున్న దగ్గరే వడ్డిస్తారు, లేవాల్సిన పని లేదు, ఇష్టం లేకపోతే మానేద్దాం అన్నాను. కాసేపు ఆగి, "మీ అమ్మకు పోవాలని ఉందా?" అన్నాడు. ఉంది అన్నాను. అయితే వస్తానన్నాడు. బంతి భోజనం దసరాకు ఊళ్లో పెడతాం, అది తమ్ముడు ఒప్పుకున్నాడు.

హోటల్‌కు ఫోన్ చేశాను. 5 శాతమేనట, సర్వీస్ ఛార్జ్ లేదన్నారు. మూల టేబుల్ ఇస్తామన్నారు. పాలమూరు అన్నా, ఒక్క డౌట్. పాస్తా మన ముందే చేస్తారట. అమ్మకు నీసు తగలని పెనం మీద చేయమంటే చేస్తారా, విసుక్కుంటారా?

పాలమూరు వంటమనిషి (జడ్చర్ల):

చేస్తారు అక్కా, విసుక్కోరు. పెనం, గరిటె రెండూ మార్చమని చెప్పండి, గరిటె సంగతి చాలామంది మర్చిపోతారు. రద్దీ పెరగకముందే అడిగితే ఇంకా మంచిది. అమ్మకు తెల్ల సాస్ వద్దు, అంతా వెన్న, మైదా, పాలే, రెండు ముద్దలకే మొహం మొత్తుతుంది. టమాటా సాస్‌లో వెల్లుల్లి, ఎండుమిర్చి గింజలు ఎక్కువ వేయమనండి. నాయినకు పచ్చిపులుసు మొదట్లోనే పెట్టించండి.