ఒకే పాత్రలో ఇద్దరు మనుషులు: నటిని ఎలా ఎంచుకోవాలి?

నిద్రలేమి: నా సైకలాజికల్ థ్రిల్లర్‌లో కథానాయిక ద్వితీయార్ధంలో మరో పేరుతో, మరో జీవితంతో కనిపిస్తుంది. ఆడిషన్‌లో ఏం గమనించాలి? ఆ రెండో మనిషి ఎవరో నటికి ముందే చెప్పాలా?

తెరచాటు: ముందు ఫొటోలు చూసి ఎంపిక చేయడం మానండి. మా లఘుచిత్రానికి నిర్మాత ముఖం నచ్చి ఒకరిని ఖాయం చేశారు. అద్దంలో తనను తాను గుర్తుపట్టలేని సన్నివేశంలో ఆమె ప్రతి టేకులోనూ భయాన్ని నటించారే తప్ప, ఎదుట ఉన్నది పరాయి మనిషి అన్న చూపు ఒక్కసారీ పలకలేదు.

మూడోజాము: ‘ముల్‌హాలండ్ డ్రైవ్’ (2001)కు దర్శకుడు డేవిడ్ లించ్ నటి నేయోమీ వాట్స్‌ను పిలిపించింది ఫొటో చూసే కదా!

తెరచాటు: పిలిపించడం వేరు, ఖాయం చేయడం వేరు. ఆయన ఆమెతో కూర్చుని మాట్లాడాకే నిర్ణయించుకున్నారు. సగం సంగతి చెప్పి వాదించకండి.

మూడోజాము: మీ నిర్మాత మీద కోపం నా మీద చూపించకండి. ముఖంలోనే పాత్ర దొరికే సందర్భాలు ఉంటాయి.

రంగశాల: చాలా ఏళ్లుగా నటులకు శిక్షణ ఇస్తున్నాను కాబట్టి గట్టిగానే చెబుతాను: ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. ఆ లించ్ సినిమాలోనే వాట్స్ చేసిన బెట్టీ పాత్ర, ఇంట్లో సాధన చేసేటప్పుడు కోపంగా అరిచి చెప్పిన సంభాషణనే, స్టూడియోలో ఎదుటి నటుడికి దగ్గరగా జరిగి గుసగుసగా చెబుతుంది. మాటలు మారకుండానే మనిషి మారిపోతుంది. మీ ఆడిషన్‌లోనూ ఒకే సంభాషణను రెండు ఉద్దేశాలతో చెప్పించండి, గొంతు మార్చడంతో సరిపెట్టేవారిని పక్కన పెట్టండి.

నీడమనిషి: అసలు ఒక్క నటే ఎందుకు? స్పెయిన్ దర్శకుడు బున్యుయెల్ తన చివరి చిత్రం ‘దట్ అబ్‌స్క్యూర్ ఆబ్జెక్ట్ ఆఫ్ డిజైర్’లో (1977) కొంచితా పాత్రను కరోల్ బూకే, ఆంహెలా మోలినాలిద్దరితో చేయించారు.

రంగశాల: అక్కడ ఆమెను కోరుకునే పురుషుడికి ఆ తేడా కనిపించదు, అందుకే ఇద్దరు కావాలి. ఇక్కడ చీలిక ఆమె లోపలే ఉంది. ఇద్దరిని పెడితే ప్రేక్షకుడు పోలికలు వెతుకుతూ కూర్చుంటాడు.

నీడమనిషి: వెతకనివ్వండి! ఆ తికమకే ఈ తరహా సినిమాకు ప్రాణం.

వెన్నెలగది: రెండో ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. ఇలాంటి పాత్ర చేసినప్పుడు దర్శకుడు నాకు ముగింపు చెప్పకుండా దాచారు. ఏమీ తెలియక ప్రతి షాట్ తర్వాత ఆయన ముఖం చూడటమే నా పనైపోయింది, ఆ బెరుకు తెర మీద కూడా కనిపిస్తుంది. కల ఏదో, నిజం ఏదో నటికి చెప్పకపోయినా ఫరవాలేదు. కానీ ఈ సన్నివేశంలో ఆమెకు ఏం కావాలో, ఏది గుర్తుందో, ఏది గుర్తులేదో మాత్రం తప్పకుండా చెప్పండి.