అప్‌డేట్: పాత పెట్రోలు ట్రక్కులో ఆక్సిజన్ సెన్సార్ సమస్య తేలింది

స్పార్క్ ప్లగ్గుల నిండా నల్లటి మసి (అంటే ఇంధనం ఎక్కువైనట్టు), పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే సెన్సార్ మాత్రం ఇంధనం తక్కువైందని చెబుతోంది, ఏది నమ్మాలని ఇంతకుముందు ఒక పోస్టులో అడిగాను. సెన్సార్ మార్చమన్నవారే ఎక్కువ. ముందు మల్టీమీటరు పెట్టాను. సెన్సార్ వోల్టేజి 0.1 దగ్గరే పడి ఉంది, అంటే ఇంధనం తక్కువని చెబుతున్నట్టు. ఇంజను గాలి పీల్చే ఇన్‌టేక్‌లోకి ఇంధనంగా కాస్త ప్రొపేన్ గ్యాస్ వదలగానే 0.9కి (ఇంధనం ఎక్కువని) ఎగిరింది, అంటే సెన్సార్ బాగానే ఉంది.

అసలు దొంగ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్, అంటే ఇంజనుకూ పొగ గొట్టాలకూ మధ్య అతుకులో ఉండే సీలు. అది పాడై, సెన్సార్‌కు ముందే ఏర్పడిన సందులోంచి బయటి గాలి లోపలికి చొరబడుతోంది. అందులోని ఆక్సిజన్ చూసి, ఇంధనం తక్కువైందనుకుని ఇంజను కంప్యూటర్ పెట్రోలు పెంచుకుంటూ పోయింది. చల్లటి ఇంజను స్టార్ట్ చేయగానే వినిపించే టిక్ టిక్ శబ్దం దీనిదే.

తుప్పు పట్టిన బోల్టులు విప్పడమే పెద్ద శిక్ష! కొత్త గాస్కెట్ వేశాక సెన్సార్ వోల్టేజి కిందికీ పైకీ చురుగ్గా ఊగుతోంది, అలా ఊగడమే సరైన తీరు. ఇన్నాళ్లూ అదనపు ఇంధనం భరించిన కాటలిటిక్ కన్వర్టర్‌ను (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) ఇంకా పరీక్షించాలి.