సీటీ నుంచి రేడియోథెరపీకి మారాలని ఉంది. ఏ శిక్షణ తీసుకోవాలి, ఏం చూసుకుని చేరాలి?

ప్రశ్న: సీటీ గది

నమస్కారం అండి. నేను రేడియోగ్రాఫర్‌ని. రెండేళ్లు ఎక్స్‌రేలో చేసి, ఆరేళ్లుగా సీటీలో ఉన్నాను.

కొన్ని నెలల కిందట ఒక పెద్దావిడకి ఛాతీ సీటీ తీశాను. బొమ్మలు తెర మీదికి వస్తుండగానే నాకు విషయం అర్థమైపోయింది. టేబుల్ దిగుతూ ఆవిడ నా చెయ్యి పట్టుకుని "ఏమన్నా కనిపించిందా అమ్మా?" అని అడిగింది. "రిపోర్టు డాక్టరు గారు చెప్తారండి" అన్నాను. నేను చెప్పాల్సిన మాట అదే, అందులో తప్పు లేదు. కానీ ఆ తర్వాత ఆవిడ ఎక్కడ చూపించుకుందో, వైద్యం మొదలైందో లేదో, ఎలా ఉందో నాకు తెలియదు. ఇక తెలిసే దారి కూడా లేదు. జబ్బు కనిపించేవరకే నా పని. కనిపించిన తర్వాత జరిగే పనిలో, అంటే రేడియేషన్‌తో క్యాన్సర్‌కి చేసే వైద్యమైన రేడియోథెరపీలో, ఉండాలని అప్పటినుంచీ గట్టిగా అనిపిస్తోంది.

రెండు కోర్సులు చూశాను. ఒకటి ఎక్కువ భాగం ఆన్‌లైన్ పాఠాలే, చివర్లో కొన్ని వారాలు మాత్రం ఆసుపత్రిలో. ఉద్యోగం మానక్కర్లేదు. రెండోది ఏడాది పొడుగునా రేడియోథెరపీ విభాగంలోనే, మెషీన్ దగ్గరే. దానికైతే ఉద్యోగం వదులుకోవాలి.

నా సీటీ అనుభవం అక్కడ పనికొస్తుందా? ఫిజిక్స్ పుస్తకం తెరిచి ఏళ్లయింది, అందుకోగలనా? రోజూ అంత పెద్ద డోసుల పక్కన ఉంటే మన ఒంటికి ఏమీ కాదా? ఈ రెండిట్లో ఏ కోర్సు మంచిది?

జవాబు 1: డోస్ లెక్క

నేను మెడికల్ ఫిజిసిస్ట్‌ని. ఫిజిక్సు, భద్రత గురించి నేను చెప్తాను. మిగతాది మెషీన్ మీద పనిచేసేవాళ్లు చెప్తేనే బాగుంటుంది.

లెక్కలకు భయపడకండి. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతుకు పడుతుందని మీరు ఎక్స్‌రేలో చదివే ఉంటారు, ఇక్కడా అదే సూత్రం. కొత్తగా అలవాటు చేసుకోవాల్సింది శక్తి స్థాయి. మీరు 120 కేవీ (కిలోవోల్టుల) దగ్గర పనిచేస్తున్నారు. రేడియోథెరపీ ఇచ్చే మెషీన్ లినాక్‌లో 6 ఎంవీ, 10 ఎంవీ (మెగావోల్టుల) బీములు వాడతాం. 6 ఎంవీలో గరిష్ఠ డోస్ చర్మం మీద పడదు, సుమారు 1.5 సెంటీమీటర్ల లోతులో పడుతుంది. 10 ఎంవీలో అది సుమారు 2.5 సెంటీమీటర్లు. లోపలి గడ్డకు డోస్ ఇస్తూ పై చర్మాన్ని కొంత కాపాడగలుగుతున్నామంటే కారణం ఇదే. ఇంకో సంగతి: ఎంవీ బీముతో తీసిన బొమ్మ మొదటిసారి చూస్తే పాడైపోయిన ఫిల్ములా ఉంటుంది. ఆ శక్తి దగ్గర కిరణాలు ఎలక్ట్రాన్లను తాకి చెదిరిపోయే కాంప్టన్ చర్యదే రాజ్యం కాబట్టి ఎముకకూ కండకూ తేడా పెద్దగా తెలియదు. ఆ మసక బొమ్మలోనే పొజిషన్ సరిపోల్చడం నేర్చుకోవాలి. ఇప్పుడు చాలా మెషీన్లకు కేవీ ఇమేజింగ్, కోన్ బీమ్ సీటీ (ఆ మెషీన్ మీదే తీసే సీటీ) ఉంటున్నాయి, అక్కడ మీ కన్ను బాగా పనిచేస్తుంది.

అసలు కొత్త సబ్జెక్టు రేడియోబయాలజీ. 60 గ్రేలు (గ్రే అంటే డోస్‌ని కొలిచే ప్రమాణం) ఒక్కసారే ఇవ్వకుండా రోజుకు 2 గ్రేల చొప్పున 30 రోజులు ఎందుకు ఇస్తామో చెప్పేది అదే. ఒక ఫ్రాక్షన్‌కీ (ఒకసారి ఇచ్చే డోస్ భాగానికీ) మరో ఫ్రాక్షన్‌కీ మధ్య మామూలు కణాలు తమను తాము బాగుచేసుకుంటాయి, క్యాన్సర్ కణాలకు ఆ శక్తి తక్కువ. ఇది మనసుకెక్కితే, పేషెంట్ మధ్యలో నాలుగు రోజులు మానేస్తే మేమెందుకు కంగారు పడతామో కూడా అర్థమవుతుంది.

ఇక మీ ఒంటి సంగతి. బీమ్ నడిచేటప్పుడు గదిలో పేషెంట్ తప్ప ఎవరూ ఉండరు. సీసం ఏప్రాన్ ఎంవీ కిరణాలకు అడ్డు కాదు, అందుకే ఇక్కడ ఎవరూ దాన్ని వేసుకోరు. మనల్ని కాపాడేది మందపాటి కాంక్రీటు గోడలు, తలుపు తెరిస్తే బీమ్ ఆగిపోయే ఇంటర్‌లాక్. వృత్తిలో ఉన్నవాళ్లకు అంతర్జాతీయంగా సిఫార్సు చేసిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు. లినాక్ దగ్గర పద్ధతిగా పనిచేసేవాళ్ల డోస్ కొలిచే బ్యాడ్జీలో దానికి చాలా తక్కువే కనిపిస్తుంది. లినాక్ ఆపితే బీమ్ ఉండదు. 15 ఎంవీ లాంటి పై శక్తులు వాడినప్పుడు మాత్రం మెషీన్ తలలోని లోహం కొద్దిసేపు రేడియోధార్మికంగా ఉంటుంది. కోబాల్ట్-60 మెషీన్ సంగతి వేరు. దాని రేడియోధార్మిక సోర్స్‌ని ఆపడం ఉండదు, కవచం లోపలికి లాగడమే. గడ్డ లోపలో పక్కనో సోర్స్ పెట్టి చేసే బ్రాకీథెరపీలో వాడే ఇరిడియం-192 కూడా అంతే. సోర్స్ ఇరుక్కుపోతే ఏం చేయాలో చేతులకు అలవాటయ్యేదాకా డ్రిల్ చేయించని చోట శిక్షణ తీసుకోవద్దు.

జవాబు 2: లేజర్ గీత

నేనూ సీటీ నుంచే వచ్చానమ్మా. రేడియోథెరపీలో ఇది పద్నాలుగో ఏడు. మీ ప్రశ్న చదువుతుంటే నన్ను నేను చూసుకున్నట్టు ఉంది, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

సీటీ అనుభవం పనికొస్తుంది. అయితే కొన్ని అలవాట్లు విప్పేసి మళ్లీ కట్టుకోవాలి. నా మొదటి ప్లానింగ్ సీటీ (డోస్ ప్లాన్ వేయడానికి తీసే స్కాన్) రోజున ఛాతీకి చక్కగా సరిపోయేట్టు ఫీల్డ్ ఆఫ్ వ్యూ, అంటే బొమ్మలోకి వచ్చే వెడల్పు, తగ్గించాను. మీరైనా అదే చేస్తారు, అవయవం పెద్దదిగా, స్పష్టంగా కనబడాలి కదా. సీనియర్ వచ్చి "చర్మం ఏదీ?" అన్నారు. డోస్ లెక్క మొదలయ్యేదే చర్మం దగ్గర. పేషెంట్ ఒంటి అంచు మొత్తం బొమ్మలో లేకపోతే ఆ స్కాన్ ప్లానింగ్‌కి పనికిరాదు. టేబుల్ కూడా అంతే. మన సీటీ టేబుల్ గుంటగా ఉంటుంది, పడుకుంటే హాయిగా ఉంటుంది. ప్లానింగ్‌కి దాని మీద బల్లపరుపు పలక వేస్తారు, ఎందుకంటే లినాక్ టేబుల్ బల్లపరుపుగానే ఉంటుంది. స్కాన్ రోజు వీపు ఎలా ఆనిందో వైద్యం జరిగే ప్రతి రోజూ అలాగే ఆనాలి. అక్కడ మనకు కావాల్సింది మంచి బొమ్మ ఒక్కటే కాదు, మళ్లీ మళ్లీ తెచ్చుకోగలిగే పడక.

ఇప్పుడు నేను మర్చిపోలేని రోజు గురించి చెప్తాను. శిక్షణలో రెండో నెల. మెడ క్యాన్సర్ పేషెంట్, అప్పటికే తొమ్మిది ఫ్రాక్షన్లు అయ్యాయి. తల కదలకుండా పట్టి ఉంచే మాస్క్ పెట్టి క్లిప్పులు నొక్కుతుంటే ఆయన చెయ్యి ఎత్తి ఊపారు. ఒకసారి తీశాను. "ఇవాళ గడ్డం దగ్గర నొక్కుతోందమ్మా" అన్నారు. "కొంచెం వాపు వచ్చి ఉంటుందండి, రెండు నిమిషాలు ఓర్చుకోండి" అని మళ్లీ పెట్టేశాను. మంచి మాటలాగే అన్నాను, మనసులో విసుగేమీ లేదు. కానీ అది తప్పు. నా పక్కనున్న సీనియర్ చెయ్యి అడ్డం పెట్టి మాస్క్ తీయించి, తల కింద పెట్టే హెడ్‌రెస్ట్ తిప్పి చూశారు. పేషెంట్‌ని ఎలా పడుకోబెట్టాలో రాసి ఉండే సెటప్ షీట్‌లో సి అని ఉంది. నేను పెట్టింది బి. రెండూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి, ఎత్తులో, వంపులో తేడా. గడ్డం వంపు మారితే మెడలో వెన్నుపాము ఉండే చోటు కూడా ప్లాన్‌తో పోలిస్తే జరుగుతుంది. బీమ్ ఇచ్చే ముందు తీసే బొమ్మలో అది బయటపడేదేమో. కానీ బొమ్మ కంటే ముందు ఆ పెద్దాయన చెప్పారు. నేను వినలేదు.

ఆ సాయంత్రం సీనియర్ నన్ను తిట్టలేదు. కూర్చోబెట్టి థెరాక్-25 అనే రేడియోథెరపీ మెషీన్ కథ చెప్పారు. మీ కోర్సులో కూడా వస్తుంది. 1985 నుంచి 1987 మధ్య ఆ మెషీన్ మీద ఆరుగురికి విపరీతమైన డోస్ పడింది, కొందరు చనిపోయారు. సాఫ్ట్‌వేర్ లోపం అని అందరూ చెప్తారు, నిజమే. కానీ మెషీన్ నడిపేవాళ్లు నేర్చుకోవాల్సింది వేరే ఉంది. 1986లో జరిగిన ఒక ఘటనలో తెర మీద "మాల్‌ఫంక్షన్ 54" అని వచ్చింది. దాని అర్థం సరిగ్గా వివరించిన పుస్తకం ఆపరేటర్ దగ్గర లేదు, అలాంటి సందేశాలు రోజూ చూసి చూసి అలవాటైపోయింది, మళ్లీ నడపమని మీట నొక్కారు. లోపల పేషెంట్‌కి షాక్ కొట్టినట్టయి లేవబోతున్నాడు. ఆ రోజు గదిలోని వీడియో, ఆడియో రెండూ పనిచేయడం లేదు. పేషెంట్ చెప్పేది ఎవరికీ వినబడలేదు. కాలినట్టుంది అని పేషెంట్లు చెప్పినా, మెషీన్ వల్ల అలా జరగదని మొదట్లో కొట్టిపారేశారు కూడా.

మీ కోర్సు ప్రశ్నకు నా జవాబు ఇందులోనే ఉంది. పాఠాలు ఆన్‌లైన్‌లో వినొచ్చు, రేడియోబయాలజీ ఇంట్లో కూర్చుని చదవొచ్చు. బి హెడ్‌రెస్ట్‌కీ సి హెడ్‌రెస్ట్‌కీ తేడా చేతికి తెలియాలంటే, మాస్క్ కింద మనిషి ఎప్పుడు మామూలుగా ఉన్నాడో, ఎప్పుడు బాధలో ఉన్నాడో తెలియాలంటే మెషీన్ దగ్గర నెలలు గడవాలి. పేషెంట్‌ని మొదటి రోజూ చూడాలి, ఇరవయ్యో రోజూ చూడాలి. మూడో వారానికి ఒళ్లు తగ్గి మాస్క్‌కీ చెంపకీ మధ్య ఖాళీ వస్తుంది. దాన్ని చాలాసార్లు మొదట గమనించేది మనమే, డాక్టరు కాదు. మనం చెప్తే మళ్లీ ప్లాన్ చేస్తారు. ప్రోస్టేట్ పేషెంట్ మూత్రాశయం స్కాన్ రోజు నిండినంత నిండిందా, ఎడమ రొమ్ము పేషెంట్ గుండెకు దూరం పెరిగేలా ఊపిరి బిగబట్టగలుగుతోందా, నిన్న నవ్విన మనిషి ఇవాళ ఎందుకు మాట్లాడటం లేదు, ఇవన్నీ కొన్ని వారాల ఆసుపత్రి చూపులో రావు. నన్నడిగితే రెండో కోర్సే.

అయితే ఉద్యోగం వదిలే ముందు ఒకటి చూసుకోండి. కొన్ని దేశాల్లో ఇమేజింగ్, రేడియోథెరపీ మొదటి ఏడాది నుంచే వేరు వేరు చదువులు. కొన్ని చోట్ల రేడియోగ్రఫీ మీద ఇంకో కోర్సు చేస్తే చాలు. పేర్లు కూడా మారతాయి, ఒకచోట రేడియేషన్ థెరపిస్ట్, ఇంకోచోట థెరప్యూటిక్ రేడియోగ్రాఫర్. మీరు పనిచేయాలనుకునే చోట రిజిస్ట్రేషన్ ఇచ్చే సంస్థ ఆ సర్టిఫికెట్‌ని ఒప్పుకుంటుందా అని కోర్సు వాళ్లని కాదు, ఆ సంస్థనే రాతపూర్వకంగా అడగండి.

జవాబు 3: ఇంకా నేర్చుకుంటున్నా

నేను ఇప్పుడు కోర్సు మధ్యలో ఉన్నాను అక్కా. పైన చెప్పినవాళ్లంత అనుభవం లేదు. నాకు కష్టమైంది ఫిజిక్స్ కాదు. ఇరవై రెండు రోజులు రోజూ పలకరించిన ఒకాయన ఇరవై మూడో రోజు రాలేదు. వార్డులో చేర్చారని, తర్వాత వారానికి పోయారని తెలిసింది. మీరు సీటీలో "తర్వాత ఏమైందో తెలియదు" అని బాధపడుతున్నారు. ఇక్కడ తెలుస్తుంది. రెండు రకాలుగానూ తెలుస్తుంది. చివరి ఫ్రాక్షన్ అయ్యాక మాస్క్ ఇంటికి తీసుకెళ్తానని అడిగి పట్టుకెళ్లినవాళ్లు ఉన్నారు, ఆ రోజు మేమంతా బయటిదాకా వెళ్లి సాగనంపాం. మా విభాగంలో ఇలాంటివి మాట్లాడుకోవడానికి వారానికోసారి కూర్చుంటాం. మీరు చేరే చోట అది ఉందో లేదో అడగండి.

ప్రశ్న అడిగినవారు: సీటీ గది

అందరికీ చాలా థాంక్స్ అండి. హెడ్‌రెస్ట్ సంగతి చదివాక పని మధ్యలో రెండుసార్లు గుర్తొచ్చింది. పేషెంట్ టేబుల్ మీద ఏమన్నా అంటే వెంటనే "ఏం కాదండి" అనేస్తున్నానని నాకే తెలిసింది.

లేజర్ గీత గారూ, ఇంకొక్క సందేహం. ఏడాది కోర్సు వాళ్లు "పూర్తి ప్రాక్టికల్" అంటున్నారు. అది నిజమో కాదో ముందే ఎలా తెలుస్తుంది?

జవాబు: లేజర్ గీత

లాగ్‌బుక్ చూపించమనండి. కిందటి బ్యాచ్‌ది ఖాళీ ఫారం ఇచ్చినా చాలు. "గమనించారు", "సాయం చేశారు", "పర్యవేక్షణలో స్వయంగా చేశారు" అని మూడు గడులు వేరుగా ఉండాలి. సంతకం పెట్టేది ఎవరో చూడండి, ఆఫీసు గదిలో ఉండేవాళ్లా, మెషీన్ మీద ఉండేవాళ్లా. ఒక్కో మెషీన్‌కి ఎంతమంది విద్యార్థులని అడగండి. ఎనిమిది మంది కన్సోల్ చుట్టూ నిలబడితే ఎవరూ ఏమీ నేర్చుకోరు. ప్లానింగ్ గదిలోనూ కొన్ని వారాలు కూర్చోబెడతారా అని అడగండి. మీరు ప్లాన్ వేయకపోయినా, ఐదు మిల్లీమీటర్ల జరుగుడు డోస్‌ని ఎక్కడికి తీసుకెళ్తుందో ఆ తెర మీద ఒకసారి చూస్తే సెటప్‌లో మీ చెయ్యే మారిపోతుంది. పొద్దున మొదటి పేషెంట్ రాకముందు జరిగే లేజర్ గీతల, అవుట్‌పుట్ (మెషీన్ ఇచ్చే డోస్) పరీక్షలు విద్యార్థుల చేత చేయిస్తారా అన్నది కూడా.

అన్నిటికంటే ముందు, చేరకముందే ఒక రోజు ఆ విభాగంలో నిలబడి చూడ్డానికి అనుమతి అడగండి. మాస్క్ చేసే రోజు వెళ్లండి. వీలైతే ఒకటి మీ ముఖానికే చేయించుకోండి. వేడినీళ్లలో మెత్తబడ్డ ప్లాస్టిక్ జల్లెడ వెచ్చగా ముఖం మీద పరుచుకుని, చల్లారుతూ బిగుసుకుంటుంది. అది టేబుల్‌కి క్లిప్పులతో పడ్డాక తల కదలదు, మాట సరిగ్గా రాదు. పది నిమిషాలు అలాగే ఉండండి. మా శిక్షణలో అందరికీ చేశారు.

ప్రశ్న అడిగినవారు: సీటీ గది

అడిగాను. లాగ్‌బుక్ ఫారం పంపారు, మూడు గడులూ ఉన్నాయి. మంగళవారం రమ్మన్నారు, ఆ రోజు రెండు మాస్కులు ఉన్నాయట. నాకూ ఒకటి చేస్తారా అంటే మాస్క్ చేసే పాత ప్లాస్టిక్ షీట్ ఏదన్నా ఉంటే చేస్తామన్నారు.