రైతుబజార్‌లో ఇంటి కేకులు అమ్మితే తప్పేంటి?

ఓవెన్‌పిన్ని: నాలుగేళ్లుగా ఇంట్లోనే కేకులు, రాగి బిస్కెట్లు చేసి మా అపార్ట్‌మెంట్‌లో అమ్ముతున్నాను. ఆదివారాలు రైతుబజార్ లోపల చిన్న బల్ల వేసుకుంటానంటే ఈ గ్రూపులో సగంమంది వద్దంటున్నారు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ ఉంది, ఏడాదికి 100 రూపాయలు కట్టి తీసుకున్నాను. 14 అంకెల నంబరు ప్రతి ప్యాకెట్ మీదా ఉంటుంది. ఇంకేం కావాలి?

తోటకూరకట్ట: నంబరు సరే. గుడ్డు వేస్తారా?

ఓవెన్‌పిన్ని: కొన్నిట్లో వేస్తాను.

తోటకూరకట్ట: శనివారం ఒంటిపూట ఉండేవాళ్లు తెలియక కొంటే? అసలు గుడ్డంటేనే భయంగా ఉంది. 2024 అక్టోబరులో మన తెలంగాణ ప్రభుత్వం మయోనైజ్‌ని ఊరికే నిషేధించిందా?

ఓవెన్‌పిన్ని: అది పచ్చిగుడ్డు మయోనైజ్ అండీ! కేకు 180 డిగ్రీల్లో అరగంట పైనే ఉంటుంది. గుడ్డు వేసినవాటికి ఆకుపచ్చ గుర్తు పెట్టను, గోధుమరంగుదే పెడతాను. ఫొటో పెట్టనా?

సైనిక్‌పురి సుబ్బు: ఏప్రిల్ ఎండలో క్రీమ్ కేకు. చూడ్డానికి నేనొస్తా.

తోటకూరకట్ట: ఫొటో ఎవరైనా పెడతారు. మా వీధిలో ఒకావిడ ఎగ్‌లెస్ అని చెప్పి గుడ్డు కేకు అంటగట్టింది. తిన్నాక తెలిసి మా తాతయ్య వారంపాటు మాతో మాట్లాడలేదు.

ఓవెన్‌పిన్ని: ఆవిడ చేసినదానికి నేను జవాబు చెప్పాలా?

మెహదీపట్నం వాసి: మహిళా సంఘాలవాళ్లు పచ్చళ్లు అమ్ముకుంటే లేని గొడవ కేకుకేంటి?

తోటకూరకట్ట: 1999లో ఈ బజార్లు పెట్టిందే దళారి లేకుండా రైతు నేరుగా అమ్ముకోవాలని. రోజూ బోర్డు మీద ధర రాస్తారు. ఈవిడ కేకు ధర ఏ బోర్డు మీద రాస్తారు?

ఓవెన్‌పిన్ని: గుడ్డు అయిపోయింది, ఇప్పుడు బోర్డు! ఆడమనిషి నాలుగు డబ్బులు సంపాదించుకుంటే మీకెందుకంత మంట? నేనిది సరదాకి చేయట్లేదు. మావారి ఉద్యోగం పోయాక ఇల్లు గడుస్తున్నది ఈ ఓవెన్ మీదే.

తోటకూరకట్ట: మా అమ్మ ఆడమనిషి కాదా? 17 ఏళ్లుగా అక్కడ ఆకుకూరలు అమ్ముతోంది. గుర్తింపు కార్డుంది. రాత్రి మూడింటికి లేచి చేవెళ్ల వైపు నుంచి ఆటోలో వస్తుంది. పోయినేడాది గేటు దగ్గర రేకుల నీడ ఎవరిదో మిల్లెట్ లడ్డూల స్టాలుకిచ్చి, అమ్మని ఎండలోకి జరిపారు. తడిగోనె కప్పినా పదయ్యేసరికి కట్టలన్నీ వాడిపోతున్నాయి. మీ క్రీముకి నీడ కావాలి. ఎవరి నీడ తీసిస్తారు?

ఓవెన్‌పిన్ని: ఆ లడ్డూలు నావి కాదు బాబూ. ఈ మాట మొదటే అనుంటే నాలుగు రోజులు గుడ్డు మీద కొట్టుకునేవాళ్లమా?

తోటకూరకట్ట: అంటే మాత్రం బల్ల మానుకుంటారా?

ఓవెన్‌పిన్ని: మానుకోను. క్రీమ్ కేకులు తేను. బిస్కెట్లకి నీడెందుకు, మీ అమ్మగారి పక్కనే ఎండలో వేసుకుంటాను.

సైనిక్‌పురి సుబ్బు: రాగి బిస్కెట్లు పావుకిలో ఎంత?

తోటకూరకట్ట: అందులో గుడ్డుందేమో ముందు అడుగు.